వెంట వచ్చునది – విడిచిపోవునది

మనుష్యుడు గతించినపుడు అతని వెంట వచ్చునదేమి, వెనుక నిలుచునదేమి అను ప్రశ్న క్రొత్తది కాదు. వీరశైవ గృహములలో దీనికి సమాధానము మాటలతోగాక ఆచారముతోనే చెప్పబడుచున్నది. లింగైక్యము చెందినవారిని కూర్చుండబెట్టి, జీవితకాలమంతయు పూజించిన ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచి సమాధి చేయుదురు. ఇల్లు, పొలము, నగలు, పాత్రలు వారసులకు చెందును. ఇష్టలింగము మాత్రము ఏ వారసునికిని చెందదు. కుమారునికి అతని లింగము వేరుగా కలదు. తండ్రి లింగము తండ్రితోనే పోవును. ప్రతి జీవితములోను ఇతరులకు సంక్రమింపరానిది ఒకటి కలదని ఈ ఆచారము తెలుపుచున్నది.

అట్లే వారసులకు సంక్రమింపవలసినది కలదు. సమాజమునకు సమర్పింపవలసినదియు కలదు. పూర్వము ఈ మూటికిని హద్దులు కంటికి కనబడుచుండెడివి. దస్తావేజులు ఇనుపపెట్టెలో నుండెడివి. దాని తాళపుచెవి ఇల్లాలి కొంగున నుండెడిది. ఉత్తరములు ఇనుపతీగకు గ్రుచ్చబడి గోడకు వ్రేలాడెడివి. ఏది ఎవరికి చెందవలెనో పెద్దలకు తెలిసియుండెడిది. తెలియనిచో పెట్టె తెరచి చూచినవారికి తెలిసెడిది.

నేడు ఆ ఇనుపపెట్టె, ఆ ఉత్తరముల తీగ, గోడనున్న పటములు, పద్దుల పుస్తకము అన్నియు ఒక్క ఫోనులోనికి చేరినవి. ఇష్టలింగమునకు పీఠమైన అరచేయియే ఇప్పుడు దినములో అధికభాగము ఈ ఫోనునకు స్థానమైనది. దాని యజమాని కన్నుమూసిన పిదప అందలి సంపదకు యజమాని ఎవరు? ఎవరికి ఏది తెరచు హక్కు కలదు? ఏది తెరువకుండుట ధర్మము? ఇంటింటను పెద్దల మనస్సులలో మెదలుచు, నోటివరకు రాని ప్రశ్న లివి.

అరచేతిలోని ఇనుపపెట్టె

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఉదాహరణముగా తీసికొనవచ్చును. వయస్సు డెబ్బదియైదు దాటినది. పింఛను బ్యాంకు ఖాతాలో జమయగుచున్నది. తాను జీవించియున్నట్లు ప్రతి సంవత్సరమును ఈయవలసిన ధ్రువపత్రమును, 2014లో కేంద్ర ప్రభుత్వము ప్రవేశపెట్టిన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో, కార్యాలయమునకు పోకుండగనే సమర్పించుచున్నాడు. కరెంటు బిల్లును, పాలవాని బాకీని ఫోనుతోనే చెల్లించుచున్నాడు. మ్యూచువల్ ఫండ్ల లెక్కలు ఈ-మెయిలునకు వచ్చును, కాగితము రాదు. ఆ ఈ-మెయిలును తెరచి పెట్టినవాడు మనుమడు; దాని పాస్‌వర్డు ఆ పెద్దాయనకు సరిగా జ్ఞాపకము లేదు.

అదే ఫోనులో మనుమల ఫోటోలు వేలకొలది కలవు. మూడేండ్ల క్రిందట గతించిన భార్య పాడిన మంగళహారతి కలదు. మందు వేసికొన్నారా అని ఆమె అడిగిన చిన్న వాట్సాప్ మాట కలదు. రాత్రి నిద్ర పట్టనపుడు వ్రాసికొన్న ఆత్మపరిశీలనపు మాటలు కలవు. కుటుంబములో ఎవరికిని తెలియకుండ ఒక స్నేహితునికి చేసిన సాయము, ఆ స్నేహితుడు చెప్పుకొన్న కష్టము కలవు. స్వగ్రామములోని ముసలివారిచే పాడించి రికార్డు చేసిన భజనపాటలు నలువదియో ఏబదియో కలవు. ఆ పాడినవారిలో సగముమంది ఇప్పుడు లేరు.

పైకి ఇది అంతయు ఒకే తెరమీద కనబడు సామగ్రి. నిదానించి చూచినచో నాలుగు జాతుల సొత్తు. మొదటిది ధనము. రెండవది జ్ఞాపకము. మూడవది అంతరంగము. నాలుగవది కాయకఫలము, అనగా శ్రమచే సంపాదించిన విద్య, సేకరించిన సామగ్రి. ఈ నాలుగింటికిని ఒకే తాళము ఉండుటయే నేటి చిక్కు. తాళము విప్పినవానికి నాలుగును దొరకును. విప్పలేనివానికి నాలుగును పోవును. ఇనుపపెట్టెకు వేరు తాళము, పూజాపెట్టెకు వేరు తాళము ఉన్న కాలమున ఈ చిక్కు లేదు.

దీనిని గూర్చి పెద్దలను కదలించినచో సామాన్యముగా నాలుగు విధములైన మాటలు వినవచ్చును. ఒక్కొక్కదానిని విచారించి చూచుట మేలు.

“నేను పోయిన పిదప నాకేమి?”

ఇది మొదటి మాట. వినుటకు వైరాగ్యమువలె నుండును. కాని వైరాగ్యము వేరు, ఉపేక్ష వేరు. వైరాగి తనదికాని దానిని విడుచును. ఉపేక్షకుడు ఇతరులకు చెందవలసిన దానిని పారవేయును.

పూర్వము మరచిపోయిన డిపాజిటు రసీదు ఏ పుస్తకపు మడతలోనో దొరకెడిది. నేడు కాగితమే లేనపుడు దొరకుటకు ఏమున్నది? సొత్తు ఉన్నదను సంగతియే యజమానితో అంతరించును. పదేండ్లు ఎవరును కదలింపని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పరచిన ప్రత్యేక నిధికి చేరును. అట్టి సొమ్మును వెదకుకొనుటకై ఆ బ్యాంకే 2023 ఆగస్టులో ఉద్గమ్ అను వేదికను ప్రారంభింపవలసివచ్చినది. నిధికి చేరిన సొమ్మునైనను హక్కుదారు లడిగిన తిరిగి ఇత్తురు. కాని అడుగవలెనని వారికి తెలియవలెను గదా! ఆ సొమ్ము ఒక విధవరాలి మందులకు, ఒక మనుమరాలి చదువునకు ఉపయోగపడవలసినది. సోమరితనముచేతనో సంకోచముచేతనో దానిని అజ్ఞాతములో ముంచి, దానికి వైరాగ్యమను పేరు పెట్టుట తగదు. కాయకముచే వచ్చిన ధనము ఎవరికో ఒకరికి అన్నముగా మారవలెననుటయే బసవేశ్వరుని బోధకు ప్రాణము. దాచి మరచిన ధనము దాసోహమును కాదు, భోగమును కాదు.

“పాస్‌వర్డు పెద్దవానికి చెప్పియుంచితిని”

ఇది రెండవ మాట. ఇందు జాగ్రత్త కలదు, వాత్సల్యము కలదు. కాని ఒక అపాయమును కలదు. ఆ అపాయమును పెద్దలు తఱచుగా గుర్తింపరు.

తాళపుచెవి చేతనున్నవాడు సొత్తుదారు కాడు. తండ్రి గతించిన దినముననే, బ్యాంకునకు ఆ వార్త చేరకమునుపే, ఇంటనున్న కుమారుడు ఫోనులోని రహస్యసంఖ్యను నొక్కి ఖాతాలోని సొమ్మును తన ఖాతాకు మార్చుకొనుట కష్టమైన పని కాదు. అది కర్మకాండ వ్యయమునకేయని అతడు తలపవచ్చును, దురుద్దేశము లేకపోవచ్చును. అయినను ఖాతాదారు మరణముతో ఆ రహస్యసంఖ్యకు అధికారము నశించినది. ఆ తరువాత నొక్కిన ప్రతి నొక్కును ఇతర వారసుల సొమ్మును తాకినట్లే. ఇందులో అధికముగా నష్టపడువారు ఇంట లేనివారు, అనగా అత్తవారింటనున్న కుమార్తెలు. ఇంట ఉండియు ఫోను వాడుట తెలియనిది, అనగా భార్య.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన రెండవ విభాగములోనే వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి చేర్చుకొన్నది. దాని ప్రకారము వీలునామా వ్రాయక గతించిన పురుషుని ఆస్తిలో భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి మొదటి తరగతి వారసులు. ఒకరి కెక్కువ, ఒకరికి తక్కువ లేదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు జన్మతః వచ్చు హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణముతో గుర్తించినది. దేశమంతటను 2005 నాటి సవరణము దానిని స్థిరపరచినది. నామినీగా పేరు వ్రాయబడినంతమాత్రమున కూడ సొత్తు అతనిది కాదు. బ్యాంకు డిపాజిట్ల విషయమున 2010లోను, షేర్ల విషయమున 2023 డిసెంబరులోను సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టముగా చెప్పినది. నామినీ సొమ్మును అందుకొని వారసులకు అప్పగించు ధర్మకర్తవంటివాడు.

స్త్రీకి లింగధారణము నిచ్చి, పురుషునితో సమానముగా అనుభవమంటపమున కూర్చుండబెట్టిన సంప్రదాయములో పుట్టినవారు, ఒక పాస్‌వర్డు బలముచే సోదరికి అన్యాయము జరుగు త్రోవను ఏర్పరచి పోరాదు. తండ్రికి అట్టి ఉద్దేశము లేకపోవచ్చును. కాని ఆయన వదలిన ఏర్పాటు అట్టి ఫలము నిచ్చినచో ఆయన ఉద్దేశమును ఎవరు సాక్ష్యమిత్తురు?

ఇందు మరియొక సంగతియు కలదు. తాళపుచెవిని పెద్దలు తమంతట ఈయవలెనే గాని, జీవించియుండగనే “ఎందుకైన మంచిది, ఇప్పుడే ఈయుడు” అని పిల్లలు ఒత్తిడి చేయుట మర్యాద కాదు. తన ఖాతాను తాను తెరచుకొను స్వాతంత్ర్యము ముసలితనములో మిగిలిన కొద్దిపాటి గౌరవములలో ఒకటి. ఫోనులో పోలీసు అధికారినని బెదిరించి వృద్ధులను దోచుకొను ఈ రోజులలో రహస్యసంఖ్యను ఎవరికిని చెప్పరాదని బ్యాంకులు హెచ్చరించుచుండగా, చెప్పుటకు భయపడు తల్లిదండ్రులను అనుమానపు మనుష్యులని నిందించుటయు న్యాయము కాదు.

“నా మాటలు ఎవరును చూడరాదు”

మూడవ మాటను పెద్దలు బిగ్గరగా చెప్పరు; కాని మనస్సులో నుంచుకొందురు. ఎనుబది ఏండ్ల జీవితములో ప్రతివానికిని దాచుకొనదగిన దుఃఖము ఒకటి, పశ్చాత్తాపము ఒకటి ఉండును. దానిని కొడుకో కోడలో తీరికగా కూర్చుండి చదువుట అనునది తలచుకొనుటకే కష్టముగా నుండును. అది దోషమును కప్పిపుచ్చుకొను కోరికయని తొందరపడి అనరాదు.

జర్మనీ దేశములో ఈ విషయము న్యాయస్థానములకు ఎక్కినది. బెర్లిన్ నగరమున 2012లో పదునైదేండ్ల బాలిక రైలుక్రింద పడి మరణించినది. అది ప్రమాదమో, ఆత్మహత్యయో తెలియక తల్లిదండ్రులు కుమిలిపోయి, ఆమె ఫేస్‌బుక్ ఖాతాలోని సంభాషణలను చూడగోరిరి. సంస్థ అంగీకరింపలేదు. క్రింది కోర్టు 2015లో తల్లిదండ్రుల పక్షమున తీర్పు చెప్పినది. 2017లో పై కోర్టు దానిని త్రోసివేసినది. ఆ సంభాషణలో అవతలి స్నేహితుల రహస్యములును కలవు గదా యని దాని తర్కము. చివరకు 2018 జూలైలో ఆ దేశపు అత్యున్నత సివిలు న్యాయస్థానము, ఉత్తరములు, దినచర్య పుస్తకములు వారసులకు చెందునట్లే ఈ ఖాతాయు చెందునని నిర్ణయించినది.

ఆ తల్లిదండ్రుల దుఃఖమును తెలిసినవా రెవరును ఆ తీర్పును తప్పు పట్టజాలరు. అయినను పై కోర్టు లేవనెత్తిన సందేహము ధర్మదృష్టితో చూచినచో నిలిచియే యున్నది. రహస్యము ఎప్పుడును ఒక్కరిది కాదు. మిత్రుడు తన కష్టమును చెప్పుకొన్నది ఆ పెద్దాయనతో. ఆయన కుమారునితో కాదు. తాను గతించిన తరువాత మిత్రుని మానము వీధిలో పడకుండ చూచు బాధ్యత ఆ పెద్దాయనదే. జీవించియుండగా నోరు విప్పక కాపాడిన మాటను, మరణానంతరము పాస్‌వర్డుతోపాటు అప్పగించి పోవుట విశ్వాసభంగమే యగును.

ఇక్కడనే ఇష్టలింగము చెప్పు పాఠము జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. కొన్ని వస్తువులు వారసత్వమునకు సంబంధించినవి కావు. అవి మనిషితో మట్టిలో కలియవలసినవి. కాని మట్టిలో కలియుట వానంతట అవి జరుగదు. పాత ఉత్తరమైనచో చెదలు తినును. ఫోనులోని మాటకు చెదలు లేదు. కనుక చెరపవలసినదానిని చెరపుట ఆ మనిషియే, తెలివి యున్నపుడే, తన చేతులతో చేయవలసిన కార్యము.

“నా గుర్తుగా అంతయు నిలువవలెను”

నాలుగవ మాట మిక్కిలి మానవసహజమైనది. మనుమల మనుమలు తన ముఖమును చూడవలెనని, తన గొంతు వినవలెనని ఎవరికి ఉండదు? కాని నిలుపుట అనగా పోగుచేయుట కాదు.

శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ అందరికిని తెలిసినదే. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అలవాటు కంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఈ అధికము మనకెందుకని ప్రశ్నించి, తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. ఆమె ఇంట ధాన్యపు గాదె లేదు. కాని చాలుననుటకు ఒక కొలత ఉండెను. నేటి ఫోనునకు గాదె కలదు, కొలత లేదు. ఒకే పుట్టినరోజునకు నూట ఏబది ఫోటోలు! వానిలో ఏది దాచదగినదో ఎన్నుకొను ఓపిక తీసినవానికి లేనపుడు, చూడవలసినవారికి ఉండునా? పదివేల ఫోటోల వారసత్వము వారసునికి బరువే గాని నిధి కాదు. పది ఫోటోలను ఎన్నుకొని, అందున్నవారి పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాసి ఇచ్చినచో అది నిధి.

అంతయు దానంతట అదే నిలుచునను నమ్మకమును సరికాదు. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగింతుమని గూగుల్ సంస్థ 2023 మే మాసమున ప్రకటించి, ఆ సంవత్సరము డిసెంబరు నుండి ఆ పనికి పూనుకొన్నది. కనుక గతించినవారి ఖాతాలో ఉంచిన కుటుంబపు ఫోటోలు, ఎవరును తెరువనిచో, తొలగిపోవచ్చును. రీఛార్జి చేయని సిమ్ కొంతకాలమునకు రద్దయి, ఆ సంఖ్య క్రొత్తవారికి చేరును. డబ్బిచ్చి కొనితిమనుకొన్న పుస్తకములు, పాటలు అనేకము చదువుటకు, వినుటకు ఇచ్చిన అనుమతులే గాని సొంత వస్తువులు కావు. శాశ్వతమని తలచినది అద్దె ఇల్లని తేలుచున్నది. స్థావరమును నమ్ముకొనరాదని, నడచునదే నిలుచునని శరణులు చెప్పిన తత్త్వమునకు ఇంతకంటె ఆధునికమైన దృష్టాంతము దొరకదు. జ్ఞాపకము యంత్రములో పడియుండుటవలన నిలువదు. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి, ఒకరి నోటినుండి మరియొకరి నోటికి నడచుటవలన నిలుచును.

ఈ కోరిక యొక్క పరాకాష్ఠయు నేడు కానవచ్చుచున్నది. 2018లో మరణించిన తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కరుణానిధి రూపమును, స్వరమును యంత్రమేధచే కల్పించి 2024 జనవరిలో ఒక సభలో మాట్లాడించిరి. గతించినవారి గొంతుతో వారు పలుకని మాటలను పలికించు శక్తి క్రమముగా సామాన్య కుటుంబములకును అందుబాటులోనికి వచ్చుచున్నది. దుఃఖములో నున్న పిల్లలకు అది ఓదార్పు కావచ్చును. కాని లింగైక్యుడైనవాడు తన మాటను ముగించినవాడు. అతని సమ్మతి లేక అతని నోట మాట పెట్టుట ప్రేమతో చేసినను అసత్యమే యగును. తన స్వరమును అట్లు వాడవచ్చునో, వాడరాదో పెద్దలు ఒక్క వాక్యము వ్రాసి ఉంచుట పిల్లలకును మేలు.

తాళపత్రములు నేర్పిన పాఠము

నాలుగు జాతుల సొత్తులో కాయకఫలమును గూర్చి పెద్దలు తక్కువగా ఆలోచింతురు. దానిని వారు సొత్తుగానే ఎంచరు. “ముసలివాడు సరదాకు రికార్డు చేసికొన్న పాటలు” అని ఇంటివారును ఎంచరు. ఫోను మార్చినపుడు మొదట పోవున దదియే.

శరణుల వచనములకును ఒకప్పుడు ఇదే గతి పట్టియుండెను. శతాబ్దముల తరబడి తాళపత్రములు గృహములలోను, మఠములలోను మూటకట్టబడి యుండెను. వానికి పూజ జరిగెను, పఠనము తగ్గెను. వారసులకు అవి పూర్వుల సొత్తు. అందలి మాట ఏమో అనేకులకు తెలియదు. విజయపురములో న్యాయవాదిగా నున్న ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి ఊరూర తిరిగి ఆ ప్రతులను సేకరించి, పరిష్కరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించెను. ముద్రణాలయమునకై తన ఇంటినే అమ్ముకొనెను. ఒకడు తన ఇంటిని పోగొట్టుకొనుటచే వేల ఇండ్లకు వచనములు చేరెను. 1964లో ఆయన గతించునాటికి, మూటలలో నున్నది ప్రజల నోట నుండెను.

ఆ తాళపత్రములను ఇంట కాపాడిన అజ్ఞాత గృహస్థులకు సమాజము ఋణపడియున్నది. కాని కాపాడుటతోనే ఆగినవారి ఇండ్లలో ఎన్ని ప్రతులు పురుగుల పాలైనవో లెక్క లేదు. నేటి ఫోనులలో నున్న గ్రామగీతములు, వంటల పద్ధతులు, వైద్యపు చిట్కాలు, మఠముల ఉత్సవ చిత్రములు, వంశవృత్తాంతములు రేపటి తాళపత్రములు. ఇవి కుమారునికే చెందవలెనను నియమము లేదు. గ్రంథాలయమునకో, మఠమునకో, ఆసక్తి గల ఒక విద్యార్థికో జీవించియుండగనే ఒక ప్రతి ఇచ్చుట దాసోహము. ధనమును పంచినచో తరుగును. ఇది పంచినకొలది పెరుగును.

వేరుచేయుటయే వివేకము

నాలుగు అభిప్రాయములను విచారించిన పిదప తేలునదేమనగా, ఏ ఒక్కటియు పూర్తిగా తప్పు కాదు. నాకేమి అను మాట అంతరంగము విషయమున కొంత నిజము. పిల్లలదే అను మాట ధనము విషయమున నిజము. ఎవరును చూడరాదను మాట రహస్యముల విషయమున నిజము. నిలువవలెనను మాట కాయకఫలము విషయమున నిజము. ఒకదానికి చెందిన నియమమును అన్నింటికిని వర్తింపజేయుటయే దోషము. నాలుగింటిని వేరుచేయుట ఆ మనిషి తప్ప వేరెవరును చేయజాలని పని. న్యాయస్థానము ఆస్తిని పంచగలదు; ఏ మాట మిత్రునిదో, ఏ పాట ఊరిదో అది ఎరుగదు.

దీనికి కావలసిన సాధనములు అల్పములు. ధనమునకు ఒక జాబితా: ఏ బ్యాంకులో, ఏ ఫండులో, ఏ బీమాలో ఏమి కలదో కాగితముమీద వ్రాసి, ఆ సంగతి భార్యకును, కుమారులకును, కుమార్తెలకును సమానముగా తెలియజేయవలెను. 2025 నవంబరు 1వ తేదీ నుండి బ్యాంకు ఖాతాకు నలుగురివరకు నామినీలను వ్రాయు సౌకర్యము కలిగినది. పంపకము గూర్చి ప్రత్యేకమైన కోరిక యున్నచో వీలునామా వ్రాయవలెను. అది కాగితముమీద నుండి, వ్రాసినవాని సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు కలిగియుండవలెను. ఫోనులో మాట్లాడి రికార్డు చేసినది వీలునామా కానేరదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము వీలునామాను తన పరిధినుండి తప్పించినది. పాస్‌వర్డులను వీలునామాలో వ్రాయరాదు. అది పదిమంది చేతులలో పడు పత్రము. ఎట్లును వ్రాయదలచినచో వేరు కవరులో నుంచి, ముద్రవేసి, అది ఎక్కడ నున్నదో మాత్రము నమ్మకస్థునికి చెప్పిన చాలును.

ఖాతాల విషయమున సంస్థలు కొన్ని మార్గముల నేర్పరచినవి. ఇన్ని మాసములు ఖాతాను తెరువనిచో ఫలానావారికి ఫలానా భాగమును ఈయుడు, లేదా చెరపివేయుడు అని ముందుగా నిర్ణయించు పద్ధతిని గూగుల్ 2013లోను, మరణానంతరము పేజీని చూచుకొనువారిని నియమించు పద్ధతిని ఫేస్‌బుక్ 2015లోను, అట్టిదే యాపిల్ 2021లోను ప్రవేశపెట్టినవి. ఫేస్‌బుక్ పద్ధతిలో నియమితుడు ఆంతరంగిక సంభాషణలను చదువజాలడు. ఈ హద్దు మెచ్చదగినది. మన దేశములో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మరణించినపుడో అశక్తుడైనపుడో తన సమాచారముపై తన హక్కులను వినియోగించుటకు ఒకరిని నియమించుకొను హక్కును గుర్తించినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలునకు వచ్చుచున్నవి. మార్గములు కలవు, నడచుటయే కావలసియున్నది.

నడువనీయనిది ఒక సంకోచము. తండ్రి ఈ ప్రస్తావన తెచ్చినంతనే పిల్లలు “అమంగళపు మాట లెందుకు?” అని నోరు మూయింతురు. పిల్లలు అడిగినచో తండ్రి “నా చావునకు ఎదురుచూచుచున్నారా?” అని నొచ్చుకొనును. ఇరువురిది ప్రేమయే. ఇరువురును మౌనము వహింతురు. ఆ మౌనమునకు మూల్యము తరువాత సోదరులమధ్య వైరముగా చెల్లింపబడును. మరణమునకు సూతకము లేదనిన ధర్మమున పుట్టినవారికి మరణపు మాటయందు సూతకము ఎక్కడిది? శరణులకు మరణము అరిష్టము కాదు, ఐక్యము. ఐక్యమునకు ముందు ఇల్లు చక్కబెట్టుకొనుట అమంగళ మెట్లగును?

ఒక అమావాస్యనాడో, సోమవారమునాడో పూజ ముగిసిన పిదప, పెద్దలు కుమారులను కుమార్తెలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక గంట ఈ పనికి కేటాయించినచో చాలును. ఇది మీకు, ఇది ఊరికి, ఇది మీరెవరును అడుగవలదు అని మూడు మాటలు చెప్పినచో సగము భారము తీరును. ఆ మూడవ మాటను పిల్లలు ప్రశ్నింపక అంగీకరించుటయే తల్లిదండ్రులకు వారు చూపదగిన గౌరవము.

చివరి దినమున ఎడమ అరచేతిలో లింగమును ఇతరులే ఉంచుదురు. అది వారి పని. అంతకుముందు ఆ అరచేతిలో నున్న మిగిలినవానిని ఎవరిది వారికి అప్పగించి, చేతిని ఖాళీ చేసి ఉంచుట మాత్రము ఆ చేయి గలవాని పని.